పిల్లల పెంపకం నడుమ చేతిపనికి చోటు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఉద్యోగం, వంట, పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం అన్నీ చూసుకుంటూ కలంకారీకో, మట్టిబొమ్మకో, ముగ్గుకో సమయం ఎక్కడి నుంచి తేవాలన్నదే వాటి సారాంశం. (కలంకారీ అంటే గుడ్డ మీద వెదురుకలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని.) అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ నాలుగింటికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి నేనిచ్చిన జవాబు పొడవుగా ఉంది. ఆ దారిలోనే నడిచి, అక్కడే తప్పుచేసినదాన్ని కనుక దానిని కుదించడానికి నాకు మనసొప్పలేదు.

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా వారిది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. బాబుకు 8 ఏళ్లు, పాపకు 4 ఏళ్లు. పెళ్లికి ముందు శ్రీకాళహస్తిలో మా పిన్ని ఇంట్లో ఉండి ఏడాదిన్నర పాటు కలంకారీ నేర్చుకున్నాను. నా గీత బాగుంటుందని నేర్పినవారు మెచ్చుకునేవారు. ఇప్పటికి పదేళ్లుగా కలం పట్టలేదు. ఒక్క ఆదివారమైనా పూర్తిగా ఖాళీ దొరికితే మళ్లీ మొదలుపెట్టాలని ఉంటుంది కానీ, ఆ రోజు వారం బట్టలు, ఇల్లు తుడవడం, పిల్లల హోంవర్కుతోనే గడిచిపోతుంది. రాత్రి పది తర్వాత కూర్చుందామంటే కళ్లు మూతలు పడతాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఆగడమే మంచిదా? (ఒక సోదరి, తిరుపతి)

సమాధానం: అమ్మా, ఆగవద్దు. నేను ఆగి చూశాను. మా పెద్దవాడు కడుపులో ఉండగా కరక్కాయ పొడి కలిపిన పాలు పట్టించి ఆరబెట్టుకున్న రెండు గజాల గుడ్డను, వాడు కాస్త నడక నేర్చాక గీద్దామని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాను. వాడు నడిచాడు, బడికి వెళ్లాడు, చిన్నది పుట్టింది. నాలుగేళ్ల తర్వాత పెట్టె తెరిచేసరికి ఆ గుడ్డ మడతల వెంట ముదురు పసుపు తిరిగి, పాల వాసనకు చేరిన బొద్దింకలు కొరికిన చిల్లులతో ఉంది. గుడ్డ పోయినందుకు నేను పెద్దగా బాధపడలేదు. మళ్లీ కలం పట్టి నిలువుగీత ఒకటి గీయబోతే చెయ్యి వణికింది, అందుకు మాత్రం ఏడ్చాను. ఆ చెయ్యి తిరిగి కుదురుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'పూర్తిగా ఖాళీ ఆదివారం'. అలాంటి ఆదివారం పిల్లలున్న ఇంటికి రాదు. ఒకవేళ వచ్చినా ఆ ఒక్క రోజులో కలంకారీ పూర్తికాదు, ఎందుకంటే అది ఒక్కసారి కూర్చుని ముగించే పని కానే కాదు. మీరు నేర్చుకున్న క్రమాన్నే మరొకసారి గుర్తు చేసుకోండి. పాతబెల్లం, తాటిబెల్లం, తుప్పుపట్టిన ఇనుపముక్కలు నీళ్లలో వేసి మూతపెట్టిన కసిమి, నల్లరంగుగా పనికిరావడానికి సుమారు మూడు వారాలు పులియాలి. ఆ మూడు వారాలూ మీరు చేయవలసినది అప్పుడప్పుడు మూత తీసి చూడడం మాత్రమే. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరవేయడానికి అరగంట చాలు. ఆరడం మాత్రం ఎండ చూసుకుంటుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ రూపు వేయడం ఒక పూట పని, కసిమితో గీతలు దిద్దడం కొన్ని పూటల పని. ఆ తర్వాత ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, కనీసం ఒక రోజైనా ముట్టకుండా వదిలేయాలి. పిమ్మట ఉతకడం, ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వేసి మరిగించడం, మళ్లీ ఉతకడం, మళ్లీ పాలు పట్టించడం, పసుపు, నీలం అద్దడం వరుసగా వస్తాయి. మొత్తం లెక్కవేసి చూస్తే ఈ పనిలో మన చెయ్యి కదిలే సమయం కంటే గుడ్డ ఆరే సమయం, రంగు పులిసే సమయం, పటిక పట్టే సమయమే ఎన్నో రెట్లు ఎక్కువ. మీరు కార్యాలయంలో దస్త్రాలు చూస్తున్నప్పుడు మిద్దె మీద కసిమి తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. శ్రీకాళహస్తిలో ఈ పని తరతరాలుగా ఇళ్లలోనే, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, చంటిపిల్లలు పక్కన పాకుతుండగా నడిచిందంటే దానికి కారణం ఈ విరామాలే. మీరు వెతుకుతున్న సమయం ఒక ఆదివారంలో ముద్దగా లేదు. వారమంతటా అరగంటలుగా చెదిరి ఉంది, మన పని కూడా అలాగే చెదిరి ఉంది కనుక రెండూ కలుస్తాయి.

ఇక ఆచరణకు వద్దాము. దశావతారాల తెర, రామాయణ పటం వంటివి ఇప్పుడు తలపెట్టవద్దు. అరగజం చదరం గుడ్డ మీద ఒక నెమలి, చుట్టూ ఒక తీగ అంచు, అంతే. పెద్ద పటం మొదలుపెడితే మధ్యలో పిల్లలకు జ్వరాలో, పరీక్షలో వచ్చి ఆగిపోతుంది. ఆగిపోయిన పెద్ద పటం గోడకు ఆనించి ఉన్నంతకాలం మనల్ని నేరస్థులను చూసినట్టు చూస్తుంది. చిన్నది రెండు నెలలలో పూర్తవుతుంది, పూర్తయినదే రెండవదాన్ని చేయిస్తుంది.

రెండవది, సామగ్రి ఎక్కడ ఉండాలన్న విషయం. దీనిని చాలామంది చిన్నవిషయంగా చూస్తారు కానీ, నా అనుభవంలో సమయం కంటే ఇదే పెద్ద అడ్డంకి. మంచం కింది నుంచి పెట్టె లాగి, గుడ్డ పరిచి, కలాలు వెతికి, గిన్నెలు కడిగి కూర్చునేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. అరగంటలో ఇరవై నిమిషాలు పోతే ఇక పని ఎక్కడుంటుంది? ఒక పాత ప్లైవుడ్ పలక తీసుకుని గుడ్డను దాని మీద బిగించి, పిల్లల చేతికి అందని ఎత్తులో, బీరువా మీదో అటక అంచునో ఆ పలకను అలాగే ఉంచండి. దింపగానే గీయగలిగేలా ఉండాలి, ఎత్తగానే ముగిసిపోవాలి. కలాలు రెండు చాలు. సన్నగీతకు మొన చెక్కిన వెదురుపుల్ల ఒకటి, రంగు నింపడానికి మొన మొద్దుగా ఉన్నది ఇంకొకటి. పుల్లకు చుట్టిన ఉన్నిగుడ్డ పదేళ్లలో గట్టిపడి ఉంటుంది కనుక దానిని విప్పి కొత్తది చుట్టి దారం బిగించండి. వేళ్లతో నొక్కినప్పుడు రంగు మొనకు దిగడమంతా ఆ చుట్టులోనే ఉంది.

మూడవది, ఏ వేళకు ఏ పని అన్నది. రాత్రి పది తర్వాత కసిమి గీతకు కూర్చోవద్దు. కలంలో ఉన్నప్పుడు పలుచటి గోధుమరంగు నీళ్లలా కనిపించే కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన క్షణంలోనే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకూ కరిగిన ఇనుముకూ ఉన్న పొత్తు అది. ఒకసారి నల్లబడ్డాక దానిని చెరపడం మన చేతిలో లేదు. కనుక ఆ గీతకు నిద్రమత్తు లేని చూపు కావాలి. వారంలో రెండు రోజులు తెల్లవారుజామున ఐదింటి నుంచి ఐదున్నర వరకు, పాలప్యాకెట్ రాకముందు, ఇల్లు ఇంకా మీదే అయిన ఆ వేళను గీతకు ఇవ్వండి. పటిక నీళ్లకు రంగు ఉండదు, ఎక్కడ పూశామో దీపం వెలుతురులో తెలియదు, కనుక దానిని సెలవురోజు పగటిపూట పెట్టుకోండి. గుడ్డ ఉతకడం, నానబెట్టడం, కరక్కాయలు దంచడం, కలం చుట్టడం వంటివి మాత్రం రాత్రి అలసిన చేతులతోనూ నిక్షేపంగా చేయవచ్చు. మా పెద్దవాడి చేత ఎక్కాలు అప్పగించుకుంటూ నేను ఎన్ని కలాలు చుట్టానో లెక్కలేదు.

ఎర్రరంగు మరిగించడం ఒక్కటే మీకు నిజంగా రెండు మూడు గంటలు ఒకేచోట ఉండవలసిన పని. దానిని రెండు నెలలకు ఒకసారి, మీ వారు ఇంట్లో ఉండే రోజున పెట్టుకోండి. వంటకు వాడే పాత్ర దానికి వాడవద్దు. దీనికంటూ ఒక బాన విడిగా ఉంచండి. ఉతకడానికి పారే నీళ్లు కావాలని మనకు నేర్పారు, అది నిజమే. పటిక మిగులు కదలని నీళ్లలో నిలిస్తే పక్కకు పాకి ఎరుపు మచ్చలవుతుంది. కానీ స్వర్ణముఖిలో ఏడాదిలో చాలాకాలం ఇసుకే కనిపిస్తుందని మీకు తెలియనిది కాదు. మిద్దె మీద మూడు టబ్బులు వరుసగా నింపి, గుడ్డను ఒకదాని నుంచి ఒకదానికి మారుస్తూ, కొళాయి కింద పట్టి ఆడిస్తూ జాడిస్తే అరగజం గుడ్డకు సరిపోతుంది.

పిల్లల సంగతి. మీ పాప తప్పకుండా పక్కన వచ్చి కూర్చుంటుంది, కూర్చోనివ్వండి. ఒక చేతిగుడ్డంత ముక్కను, కాల్చిన చింతపుల్ల ఒకదాన్ని ఆమెకు ఇవ్వండి. బొగ్గుగీత దులిపితే పోతుంది కనుక ఆమె ఎన్నిసార్లు గీసినా ఆ గుడ్డ మళ్లీ పనికివస్తుంది. కసిమి కుండ, పటిక గిన్నె మాత్రం ఆమెకు అందరాదు. అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ అరగంటను పిల్లలకు బొమ్మలు నేర్పే అరగంటగా మార్చవద్దు. పిల్లలతో రంగులు, కాగితాలు పరుచుకుని ఆడడం చక్కటి పని, దానికి వేరే వేళ ఉంది. అమ్మ తన పని తాను శ్రద్ధగా చేసుకోవడాన్ని చూడడం వేరు, అమ్మ మన కోసం బొమ్మలు వేయించడం వేరు. మొదటిదానిని పిల్లలు చూసి తీరాలని నా నమ్మకం. మొదటి వారం పాప పదిసార్లు పిలుస్తుంది, రెండవ నెలకు రెండుసార్లు పిలుస్తుంది. ఆ రెండుసార్లూ కలం పక్కన పెట్టి వెళ్లండి. కలంకారీ దానికి ఓర్చుకునే పని.

మీ వారితో ఈ విషయం ఇంకా మాట్లాడలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనిపించింది. వారికి ఏ వారం ఏ షిఫ్టు పడుతుందో ముందే తెలుస్తుంది కదా. షిఫ్టు కాగితం చేతికి రాగానే ఇద్దరూ కూర్చుని, 'ఈ వారం ఈ రెండు వేళలు నావి, ఆ సమయంలో పిల్లలు మీ దగ్గర ఉంటారు' అని రోజు, గంట పేర్కొని చెప్పండి. వీలైతే, కుదిరితే అన్న మాటలు కలపవద్దు. అలా కలిపిన అభ్యర్థనను ఎదుటివారు కూడా వీలైతేనే గుర్తుంచుకుంటారు. మీరు అనుమతి అడగడం లేదు, ఇంటి పనుల పట్టికలో ఇంకొక పనిని చేర్చుతున్నారు.

చాలామంది అడిగేదే మిమ్మల్నీ అడుగుతారు, 'అమ్ముతావా?' అని. మొదటి ఏడాది వద్దు. అమ్మకం మొదలైతే గడువు వస్తుంది, గడువు వస్తే పిల్లల మీద విసుగు వస్తుంది, కలంకారీ రెండవ ఉద్యోగమవుతుంది. 1950ల చివర, చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చేనాటికి ఈ విద్య తెలిసినవారు అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. అప్పటి నుంచి నేర్చుకుని నిలబెట్టినవారి వల్లనే, 2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చేంతగా అది మళ్లీ వేళ్లూనుకుంది. ఇప్పుడు ఆ ఊరిలో ఇళ్లలో కూర్చుని రంగులు నింపుతున్నవారిలో స్త్రీలు చాలామంది ఉన్నారు, వారిలో తల్లులూ ఉన్నారు. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల దూరమే కనుక ఒక రోజు పిల్లలను తీసుకుని మీ పిన్నిగారి ఇంటికి వెళ్లి, ఆ వీధిలో పనిచేస్తున్నవారి పక్కన ఒక గంట కూర్చుని రండి. నేను పది పేజీలు రాసినా ఆ గంట చేసేంత పని చేయలేను.

ప్రశ్న: నేను చిత్తూరు దగ్గర ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మామిడి సీజనులో ఇంటికి ఎప్పుడు చేరతానో నాకే తెలియదు. మిగతా నెలలలో సాయంత్రం ఏడింటికి వస్తాను. చిన్నప్పుడు మట్టితో ఎద్దులు, బండ్లు చేసేవాణ్ణి. నా కూతురికి 7 ఏళ్లు. ఫోను చూడడం మాన్పించి ఆమెతో కలిసి ఏదైనా చేయాలని ఉంది. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవారిని చూసినప్పుడల్లా కొయ్యపని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఇంట్లో మాత్రం మగవాడివి నీకెందుకీ బొమ్మలాట అంటారు. కొయ్య మంచిదా, మట్టి మంచిదా? (ఒక తండ్రి, చిత్తూరు)

సమాధానం: అయ్యా, ఆ చివరి మాటకు మొదట జవాబు చెబుతాను. ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా దేవతామూర్తులను చెక్కుతున్నవారిలో మగవారే ఎక్కువ, వారి బిడ్డలు వారి ఒళ్లో కూర్చునే ఉలి చప్పుడు నేర్చుకున్నారు. కుమ్మరి సారె దగ్గరా అంతే. కనుక ఆ మాటను పట్టించుకోనవసరం లేదు.

మీరు అడిగినదానికి, మట్టే మంచిది. కొయ్యను మీరు ఒంటరిగా నేర్చుకోవచ్చు, మీ అమ్మాయికి పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక ఆమెకూ నేర్పవచ్చు. ఇప్పుడు ఉలి పక్కన ఏడేళ్ల పిల్లను కూర్చోబెడితే మీ దృష్టి కొయ్య మీద కాక ఆమె వేళ్ల మీదే ఉంటుంది, ఇద్దరికీ ఆనందం ఉండదు. మన ప్రాంతం కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తామన్నా పుచ్చుకోవద్దు. అనుమతి పత్రాలు లేకుండా అది ఇంట్లో ఉండడమే నేరం.

మట్టిలో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, దానిని మధ్యలో ఆపవచ్చు. సగం చేసిన ఎద్దును తడిగుడ్డతో చుట్టి పైన ప్లాస్టిక్ సంచి కప్పితే రెండు మూడు రోజుల వరకు మెత్తగానే ఉంటుంది, రోజుకొకసారి గుడ్డ తడపడం ఒక్కటే మీ బాధ్యత. సాయంత్రం ఏడింటికి వచ్చి, స్నానం చేసి, భోజనానికి ముందు అరగంట కూర్చుంటే మొదటి రోజు మొండెం, రెండవ రోజు కాళ్లు, మూడవ రోజు కొమ్ములు, మూపురం అవుతాయి. ఫోను తీసుకోవద్దని ఆమెకు మీరు చెప్పనవసరం లేదు. మట్టి అంటిన చేతులతో ఫోను ఎలాగూ పట్టుకోలేదు.

చెరువుమట్టి తెచ్చుకుంటే రాళ్లు, వేర్లు ఏరి, నానబెట్టి, చపాతీ పిండిలా బాగా పిసకండి. జిగురు మరీ ఎక్కువగా ఉన్న మట్టి ఆరేటప్పుడు బీటలు వారుతుంది కనుక కొద్దిగా సన్నటి ఇసుక కలపండి. చిన్నప్పుడు మీ ఎద్దుల కాళ్లు ఊడిపోయి ఉంటాయి, నావీ ఊడిపోయాయి. అతికించే రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, గుజ్జులాగా కలిపిన తడిమట్టి పూసి అదిమితే ఊడవు. ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటే సన్నగా ఉన్నచోటు ముందు ఆరి అక్కడే పగులుతుంది కనుక లావుపాటి మొండాన్ని అడుగు నుంచి కొంత తోడేయండి. ఆరబెట్టడం నీడలోనే, నాలుగైదు రోజులు. ఎండలో పెట్టి తొందరపడితే పగులు తప్పదు.

మీ ఉద్యోగం తీరును బట్టి చూస్తే మామిడి సీజను నడిచే నెలలలో ఈ పని ఆగుతుంది, దానికి బాధపడవద్దు. ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి. భాద్రపదంలో వినాయక చవితి వచ్చేసరికి సీజను ముగిసి ఉంటుంది. కాణిపాకం స్వామి నెలవైన గడ్డ మీద ఉన్నారు, ఈసారి ఇంటి పూజకు విగ్రహం మీ ఇద్దరి చేతులతో తయారుకావాలని ఇప్పుడే మాట ఇవ్వండి. తొండం ఒక పక్కకు వాలినా, ఒక చెవి పెద్దదైనా మీ అమ్మాయి చేసిన భాగాన్ని మీరు సరిదిద్దకండి. నిమజ్జనం రోజున ఆమె ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మిగిలిన మట్టిని ఎండనివ్వకుండా దాచి ఉంచితే మర్నాడే కొత్త బొమ్మ మొదలవుతుంది.

ప్రశ్న: మా కోడలు ఉద్యోగం చేస్తుంది. ఇంటికి వచ్చి వంట ముగించాక పూసలు, దారాలు పరుచుకుని కూర్చుంటుంది. నా మనవళ్లకు 6, 9 ఏళ్లు. ఆ సమయంలో పిల్లల చదువు చూడకూడదా అని నాకనిపిస్తుంది. అంటే కోపం తెచ్చుకుంటారని ఊరుకున్నాను. మీరైనా చెప్పండి. (ఒక అవ్వ, రేణిగుంట)

సమాధానం: అమ్మా, మీ వయసుకు, మనవళ్ల మీద మీకున్న ప్రేమకు నమస్కరించి చెబుతున్నాను, మీ కోడలి పక్షాన చెబుతున్నాను. ఉద్యోగం చేసి వచ్చి, వంట ముగించి, ఆ తర్వాత కూర్చుంటున్నదని మీరే రాశారు. రోజంతా ఇతరుల కోసం కదిలిన చేతులు ఒక గంట తమకు నచ్చిన పని చేస్తున్నాయి. దానిని పిల్లల చదువులోంచి తీసుకున్న గంటగా మీరు లెక్కవేస్తున్నారు, నేను ఆమె నిద్రలోంచి తీసుకున్న గంటగా లెక్కవేస్తున్నాను. ఆ గంట కూడా లేకపోతే ఆమె పుస్తకం ముందు కూర్చున్నా పిల్లలకు దక్కేది విసుగే. తొమ్మిదేళ్ల మనవడి పాఠం ఆ గంటలో మీ అబ్బాయి ఎందుకు చూడకూడదో కూడా ఆలోచించండి.

మీ తరంలో చేతిపని లేదని నేననుకోను. మా అవ్వ వేసవిలో పాత కాగితాలు చించి రెండు మూడు రోజులు నానవేసేది. రాత్రి నానిన మెంతులను ఆ కాగితాలతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, చాటలకు, బుట్టలకు సందులు పూడేలా పట్టించేది. కొంత గుజ్జును బోర్లించిన తపేలా మీద తడిగుడ్డ పరిచి దాని మీద మెత్తి, నాలుగు రోజులు ఎండాక ఊడదీస్తే అచ్చంగా బుట్ట తయారయ్యేది. మెంతుల జిగురే దానికి బంక, మెంతుల చేదు ఉన్నందువల్ల పురుగు చేరేది కాదు. నలుగురు బిడ్డలను పెంచుతూనే ఆమె ఇవన్నీ చేసింది, ఎవరూ ఆమెను చదువు చూడలేదని అనలేదు. మీకూ ఇది తెలిసే ఉంటుంది. ఈ వేసవి సెలవులలో మనవళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుని కాగితాలు చింపించండి. చింపడమంటే వాళ్లకు ప్రాణం. మీ కోడలి పూసలు పోసుకోవడానికి ఒక బుట్ట చేసి ఇవ్వండి. ఆమెతో మాట్లాడడానికి మీకు ఇంకొక దారి వెతుక్కోనవసరం ఉండదు.

ప్రశ్న: తిరుపతిలో నాలుగవ అంతస్తు అపార్టుమెంటులో ఉంటున్నాము. కవలపిల్లలకు 5 ఏళ్లు. రోజంతా వాళ్ల వెనుకనే సరిపోతుంది. పెద్ద కళలేవీ నాకు రావు, పుట్టింట్లో ధనుర్మాసం ముగ్గులు మాత్రం వేసేదాన్ని. ఇక్కడ వాకిలి కూడా లేదు. నాలాంటి వాళ్లు ఏం చేయాలి? (ఒక తల్లి, తిరుపతి)

సమాధానం: అమ్మా, ముగ్గును పెద్ద కళ కాదని ఎవరు చెప్పారు? కాగితం, కొలబద్ద, రబ్బరు ఏవీ లేకుండా, వంగిన నడుముతో, జారే పిండితో, తీసిన మెలికను మొదలుపెట్టిన చోటికే తెచ్చి ముగించడం చిన్న విద్య కాదు. వాకిలి లేకపోతే గడప ముందు రెండు అడుగుల జాగా చాలు, అదీ లేకపోతే నల్లరంగు వేసిన ప్లైవుడ్ పలక ఒకటి తలుపు పక్కన పెట్టుకోండి. పలక మీద ముగ్గుపిండి నిలవదనిపిస్తే సుద్దముక్కతో వేయండి.

పెద్దవి వదిలి, 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందుచుక్కతో (కింది వరుస చుక్కల సందుల్లో పై వరుస చుక్కలు పెడుతూ) మొదలుపెట్టండి. నడుమ వరుసలో ఏడు, పైకీ కిందికీ ఆరు, అయిదు, నాలుగు పెడితే మొత్తం 37 చుక్కలవుతాయి. ఐదేళ్ల పిల్లలకు లెక్కపెట్టడానికి అది సరిగ్గా సరిపోయే సంఖ్య. ఒకరు పై సగం, ఒకరు కింది సగం చుక్కలు పెడతారు, నడుమ వరుస మీది. చుక్కలు వాళ్లవి, మెలిక మీది అని మొదటే పంచుకుంటే పోట్లాట తగ్గుతుంది. పది నిమిషాలలో ముగిసే పని కనుక పొద్దున్నే పాలు కాగేలోపు అయిపోతుంది. పుట్టింట్లో వేసిన ముగ్గులు ఎన్ని గుర్తున్నాయో ఒక నోటుపుస్తకంలో రోజుకొకటి చొప్పున గీసి పెట్టుకోండి. గుర్తుకురాని మలుపు దగ్గర మీ అమ్మగారికి ఫోను చేసి అడగండి. ధనుర్మాసం వచ్చేనాటికి ఆ పుస్తకం నిండి ఉంటే అందులో మీకు నచ్చిన ఒక మెలికల ముగ్గును ఈ శీర్షికకు పంపండి, చుక్కల లెక్కతో సహా అచ్చు వేస్తాను.